చాంపియన్ వదిలేసిన ఆట

కంప్యూటర్ బాగా వేడెక్కితే లోపలి దుమ్ము కాలి ఒక వాసన వస్తుంది. నంద్యాలలోని నా జిరాక్సు షాపులో మధ్యాహ్నం పూట ఆ వాసన తగిలినప్పుడల్లా దానియేలు సారు గుర్తుకొస్తారు. వద్దనుకున్నా గుర్తుకొస్తారు. ఆళ్లగడ్డ హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పేవారు, బడి వదిలాక చదరంగం నేర్పేవారు. పరుపులు కుట్టే దూదేకుల ఇంటి ఆడపిల్లకు చదరంగం దేనికని వీధంతా నవ్వుతుంటే, మా నాయన దగ్గర గంటసేపు కూర్చుని ఒప్పించింది ఆయనే. ఆ మేలు మరిచిపోగలిగితే ఆయన మీద కోపం తెచ్చుకోవడం నాకు ఎంతో సులువయ్యేది.

సారుకు ఒక నియమం ఉండేది. ఓడిపోయే ఆటను సాగదీయకూడదు. ఓటమి కనిపించగానే రాజును పక్కకు పడుకోబెట్టి, చేయి కలిపి లేచిపోవాలి. మూతి ముడుచుకుని ఆడుతూ కూర్చునే పిల్లల్ని "పెండ్లి అయిపోయినాక పందిట్లో కూర్చున్నట్టు ఏందీ, లెయ్" అని వీపు తట్టి లేపేవారు. దానికి సాక్ష్యంగా ఆయన దగ్గర ఒక పేపరు కటింగు ఉండేది. అప్పటి ప్రపంచ చాంపియన్ ఒక పెద్ద కంప్యూటర్‌తో ఆడిన మ్యాచ్, అందులో రెండో ఆట. నల్లపావులతో ఆడిన చాంపియన్ ఇక లాభం లేదనుకుని లేచి వెళ్లిపోయిన చివరి స్థితి, అంటే అప్పటికి పావులున్న తీరు, అందులో బొమ్మగా ఉండేది. చాంపియన్ తొందరపడ్డాడనీ, మంత్రితో ఆగకుండా చెక్‌లు చెబుతూ పోతే ఎవరూ గెలవక ఆట డ్రా అయ్యేదనీ తర్వాత చాలామంది రాశారు. సారుకు ఆ మాట గిట్టేది కాదు.

అందుకే పరీక్షలు పెట్టేవారు. చదరంగం ఆడే ప్రోగ్రామును ఇంజిన్ అంటారు. కొత్త ఇంజిన్ సీడీ దొరికిందంటే చాలు, స్కూలు కంప్యూటర్‌లో ముందుగా ఆ స్థితినే పెట్టేవారు. తెర మీద పావులు పేర్చడం నా పని. ఆయన అలారం గడియారంలో పది నిమిషాలు పెట్టేవారు. ఎవరిది పైచేయో చెప్పే అంకె ఒకటి తెర మీద మారుతూ ఉంటుంది, ఇద్దరూ సమానమైతే సున్నా. పదో నిమిషానికి ఉన్న అంకెను బీరువా తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసేవారు. ప్రతిసారీ తెల్లపావులదే పైచేయి. "చూస్తివా, మిషను గూడా అదే చెప్తాండాది" అని స్విచ్చి ఆర్పేసేవారు. ఇంకాసేపు చూద్దామని ఒకసారి అడిగాను. మిగతా పిల్లలు కాచుకుని ఉన్నారన్నారు. నిజంగానే గది బయట లైను ఉండేది.

ఇంటర్‌కు వెళ్లాక కూడా సాయంత్రాలు ఆయన దగ్గరే ఆడేదాన్ని. రెండో ఏడు నంద్యాలలో జిల్లా జట్టు ఎంపిక పోటీలు జరిగాయి. చివరి ఆట డ్రా చేసుకున్నా నాకు జట్టులో చోటు, దాంతో క్రీడల కోటాలో డిగ్రీ సీటు. సీటొస్తే చదివిస్తాననీ, రాకుంటే ఇంటిపట్టునే ఉండాలనీ మా నాయన ముందే తేల్చి చెప్పాడు. ఆటలో నాకు ఒక గుర్రం తక్కువైంది. అయినా మంత్రితో ఒక చెక్ ఉంది, దాని తర్వాత మరొకటి ఉన్నట్టు అనిపిస్తోంది. ఆలోచించడానికి ఇంకా పావుగంట టైముంది. తలెత్తితే కిటికీ అవతల సారు కనిపించారు. తల అడ్డంగా ఊపి, అరచేయి కొద్దిగా పైకెత్తారు. నేను రాజును పడుకోబెట్టి లేచాను. బయటికొచ్చాక "మర్యాదగా లేచినావు పాపా, అంతే సాలు" అన్నారు. ఆ మర్యాద మూటగట్టుకుని ఇంటికొచ్చి నాలుగేళ్లు దూది ఏకాను.

రెండేళ్ల కిందట, వేసవిలో, షాపు కంప్యూటర్‌లో కొత్త ఇంజిన్ ఎక్కించి, అలవాటు కొద్దీ ఆ స్థితే పెట్టాను. మొదట అదీ తెల్లపావులదే పైచేయి అంది. ఇంతలో ఎవరో రేషన్ కార్డు అర్జీ పెట్టాలని వచ్చారు. వాళ్ల పని ముగించి చూసేసరికి అంకె సున్నాకు వచ్చింది. అంటే చాంపియన్ లేచిపోకుంటే ఆ ఆట డ్రానే. ఎంపిక పోటీలో చివరి ఆట ఎత్తులు రాసుకుని ఇన్నేళ్లుగా దాచుకున్న కాగితం తీసి, నేను వదిలేసిన ఆ ఆట కూడా పెట్టాను. అదీ సున్నాయే. చెక్ తర్వాత చెక్ ఉంది, నేను అనుమానపడ్డ చోటే ఉంది.

మర్నాడు శిరివెళ్ల మీదుగా వెళ్లే బస్సెక్కి ఆళ్లగడ్డకు పోయాను. రిటైరైన సారు వరండాలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి సంబరపడి టీ పెట్టించారు. చాంపియన్ ఆటలో డ్రా ఉందట సారూ అన్నాను. ఆయన నమ్మరనుకున్నాను.

"నాకు తెలుసు పాపా. ఒక శనివారం మిషను ఆర్పడం మరిసిపోయి ఇంటికి పోయినా. ఎట్లనో రెండు దినాలూ కరెంటు పోలేదు. సోమవారం వచ్చి చూస్తే సున్నా ఉండాది."

"ఎప్పుడు సారూ?"

"నువ్వు నంద్యాల పోటీకి పోకముందే."

ఆ సున్నాను బీరువా తలుపు మీద రాయలేదట. చేతులు నలుపుకుంటూ, "అంతమంది పిల్లోల్లను లేపినా గదా. తప్పని యా నోటితో చెప్పేది?" అన్నారు.

నా ఎత్తుల కాగితం సంచిలోనే ఉంది. అది ఆయన ముందు పెట్టి, తెలిసి కూడా ఆ రోజు కిటికీ దగ్గర చేయెందుకెత్తారని అడగాలి. అడగడానికే అంతదూరం వెళ్లాను. కానీ ఆయన ముసలి మొహం చూశాక ఇక అడిగి లాభం లేదనిపించింది. పోయొస్తానని చెప్పి బస్టాండుకు నడిచాను.

సారు ఈమధ్యే పోయారు. చర్చిలో పాత శిష్యులు ఒక్కొక్కరూ ఆయన మంచితనం చెబుతుంటే నన్నూ మాట్లాడమన్నారు. మా నాయనను ఒప్పించిన సంగతి చెప్పాను, అందులో అబద్ధమేమీ లేదు. అడగాల్సిన ఆ ఒక్క మాట మాత్రం నాలోనే ఉండిపోయింది, ఇక జవాబు చెప్పే మనిషి లేడు. చదువు పోయినందుకు ఆయన్ని తిట్టుకోగలను. దీనికి ఎవరిని తిట్టుకోవాలి? ఆ వరండాలో నన్ను లెమ్మని ఎవరూ సైగ చేయలేదు. నా అంతట నేనే లేచి వచ్చాను.