సెల్లార్‌లో మోగని ఫోను

“నీ కూతురి పెళ్లిబట్టలు కుట్టడానికి నేను పనికిరానా అక్కా?”

“చెప్పిన రోజుకి ఒక్కసారైనా ఇచ్చావటే? పెళ్లయ్యాక ఇస్తే దాన్ని దుప్పటి చుట్టుకోమంటావా?”

ఫోను స్పీకర్లో పెట్టి మరీ సాగుతున్న ఆ పోట్లాట మెట్ల దాకా వినిపిస్తోంది. సెల్లార్‌లోకి దిగుతున్న మేనల్లుడు నవ్వు ఆపుకున్నాడు. ఎవరడిగినా ‘రేపు ఇస్తా’ననే ఈ దర్జీ అత్తకి వీధివాళ్లు పెట్టిన పేరు రేపమ్మ. పనికి మాత్రం వంక పెట్టలేరు.

అత్త ఫోను కట్ చేసి అతని చేతిలో పడేసింది. సెల్లార్‌లో ఉన్న ఆ కుట్టు కొట్లో టవర్ సిగ్నల్ ఒక్క గీతైనా రాదు. కొట్టు వెనక గదిలోనే ఆమె కాపురం. పై అంతస్తులో ఉండే అతనే తన వైఫై కలిపి, మామూలు కాల్స్ నెట్ మీద వచ్చేలా చేసిపెట్టాడు.

“అది తీసెయ్‌రా.”

“పెద్దత్త నంబరొక్కటే బ్లాక్ చేస్తే పోలా?”

“ఛీ, తోడబుట్టింది! బ్లాకులేంట్రా? ఇది తీసేస్తే సిగ్నల్ లేదనుకుంటుంది, మర్యాదగా ఉంటుంది.”

అతను తీసేశాడు. మర్యాద అంటే అదేనేమో అనుకున్నాడు.

కోపం వారం తిరక్కుండానే చల్లారింది. అక్కకి తనే చేద్దామనుకుంది అత్త. చేతిలో ఉన్న జాకెట్టు అవనీ, రేపు చేద్దాం అనుకుంది. అక్క ఎక్కడికి పోతుంది గనక?

ఒక ఉదయం పెద్దత్త కూతురే మెట్లు దిగి వచ్చింది. వాళ్లమ్మకి పక్షవాతం వచ్చింది, మాట పడిపోయింది.

“అంతకుముందు ప్రతిరోజూ నీకు ఫోన్ చేసింది పిన్నీ. పెళ్లిలో తను వేసుకునే జాకెట్లు నువ్వే కుట్టాలట. ఎప్పుడు చేసినా అందుబాటులో లేరనే వచ్చేది. ‘దానికి నేనక్కర్లేదే’ అని ఏడ్చేది.”

ఆ పిల్ల వెళ్లిపోయినా అత్త మిషన్ దగ్గర్నుంచి లేవలేదు. సూదిలో దారం ఎక్కించబోతే రెండుసార్లు జారింది. మేనల్లుడు తీసుకుని ఎక్కించాడు. ఫోనులో అది తీసేసింది తన చెయ్యేగా.

“మళ్లీ పెట్టరా దాన్ని,” అంది ఫోను చాస్తూ. “పిల్ల వాళ్లమ్మ చెవి దగ్గర పెడతానంది. అక్క మాట్లాడలేదు, నాకేమో నోరు పెగలట్లేదు. నేను మిషన్ తొక్కుతూ కూర్చుంటా, అది వింటూ ఉంటుంది. ఎవరూ మాట్లాడట్లేదు, కాల్ ఆపడం మర్చిపోయానని నువ్వొచ్చి కట్ చేసేవు. చెయ్యకురా.”