గుర్రాన్ని ముట్టి ఖలీల్ అన్న మాట

నేనొక మాటను మోస్తున్నాను. అది నేను అన్నది కాదు, విన్నది. విన్నది ఒకటి, విన్నానని నలుగురిలో చెప్పింది మరొకటి. ఆ రెండింటి మధ్య ఉన్న ఎడమే ఇన్నేళ్ళుగా నా గుండె మీద బరువై కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవారి ముందు నోరు పెగలలేదు కనుకనే మీ ముందు విప్పుతున్నాను.

ముందు నా గురించి కొంత చెప్పాలి. గొప్పకు కాదు, నేరం ఎంతటిదో మీకు తెలియడానికి. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి దోహాకు వచ్చి, ఒక నిర్మాణ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలరుగా జుట్టు నెరిసేదాకా పనిచేశాను. ఏ డ్రాయింగు ఏనాడు ఎవరి చేతికి వెళ్ళిందో, ఎవరు సంతకం పెట్టారో అడిగిన క్షణాన చెప్పడం నా ఉద్యోగం. సెలవు రోజుల్లో చదరంగం పోటీలకు ఆర్బిటర్‌గా ఉండేవాణ్ణి. అంటే, ఆటగాళ్ళ మధ్య తగవు వస్తే తీర్పు చెప్పే మనిషిని. ఇచ్చిన ప్రతి తీర్పునూ కారణంతో సహా అదే రోజు రాసుకునేవాణ్ణి. "సారు చెప్పిండంటే అయిపాయె, ఇగ మాట్లాడేదే లేదు" అని మనవాళ్ళు అనుకునేవారు. ఆ పేరంటే నాకు ప్రాణం. నేను ప్రేమించింది నిజాన్నా, ఆ పేరునా? ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఖలీల్‌ది కోరుట్ల. నాకన్నా చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. తర్వాత దోహాలోనే అబూ హమూర్ అనే పేటకు మారినా కలిసే మారాం. నాకు కామెర్లు వచ్చినప్పుడు డ్యూటీ దిగి నేరుగా వంటింట్లోకి వెళ్ళి గంజి కాచి పోసినవాడు అతనే. శుక్రవారం నమాజు నుంచి రాగానే బోర్డు పరిచేవాడు. ఓడిపోతుంటే తన బంట్లనే తిట్టేవాడు: "నమక్‌హరామ్! రాజును ఇడిసిపెట్టి ఏడికి వోయినవ్‌రా?" నేను నవ్వేవాణ్ణి. ఆ మాట ఒకనాడు నా నోటికే వస్తుందని, ఎవరిని అనాలో తెలియక అక్కడే ఆగిపోతుందని అప్పుడు అనుకోలేదు.

అబూ హమూర్‌లోని ఒక బడి ఆడిటోరియంలో ప్రతి చలికాలం ఒక ఓపెన్ టోర్నమెంటు జరిగేది. ఆ ఏడాది లాత్వియా నుంచి ఒక ఆటగాడు వచ్చాడు. చదరంగంలో అంతర్జాతీయ హోదా ఉన్నవాడు. అంతకుమించి, తన దేశపు పార్లమెంటు సభ్యుడు. పొడగరి, తక్కువ మాట. హాల్లో ఏసీ చలికి మిగతావాళ్ళు శాలువాలు కప్పుకుంటుంటే ఆయన చొక్కా చేతులు మడిచి కూర్చునేవాడు. ఆఖరి రౌండులో ఆయనకు ఎదురుగా ఖలీల్ పేరు పడింది.

ఆ ఉదయం చాయ్ తాగుతూ ఖలీల్ అన్నాడు: "ఇదే నా ఆఖరి టోర్నమెంట్ అన్నా. కంపెనీ ఎగ్జిట్ కొడుతున్నది. కోరుట్లకు వోయి ఎవనితోని ఆడాలె, గోడతోనా? పొయ్యేముంగట గసొంటి పెద్దోన్ని ఒక్కన్ని ఓడగొడితే సాలు."

నాకు అతని మీద జాలి పుట్టింది. ఆ జాలి గురించే నాకిప్పుడు కోపం. దాని మీదనే తర్వాతదంతా నిలబడింది.

చదరంగంలో ముట్టుకున్న పావును కదపక తప్పదు. గడిలో వంకరగా ఉన్న పావును సరిచేయాలంటే, ముట్టుకోవడానికి ముందే 'సర్దుతున్నాను' అని చెప్పాలి. ఏ భాషలో అన్నా ఫరవాలేదు. ఎదుటివాడికి తెలిసేలా అనాలి. పసిపిల్లలకు కూడా మొదట నేర్పే నియమమిది.

ఆట మధ్యలో నేను ఖలీల్ కుర్చీ వెనకే నిలబడి ఉన్నాను. అతని చేయి గుర్రం మీదికి వెళ్ళింది. వేళ్ళు దాన్ని గట్టిగా పట్టుకున్నాయి. అప్పుడు చూశాడు, అది కదిలితే వెనకున్న మంత్రి పోతుందని. "సచ్చిన్రో..." అన్నాడు, గొంతులోనే. చేయి వెనక్కి తీసుకున్నాడు. కాసేపు ఆలోచించి ఒక బంటును జరిపాడు.

ఫిర్యాదు రాకముందే నేను కలగజేసుకోవాల్సింది. నా కళ్ళ ముందు జరిగింది, నా చెవిన పడింది. కదలకుండా నిలబడ్డాను. లాత్వియా ఆయన గడియారం ఆపి, చేయెత్తి నన్ను పిలిచాడు.

"ఆయన గుర్రాన్ని ముట్టుకున్నారు. ఏదో అన్నారు కూడా. నాకు అర్థం కాలేదు," అన్నాడు ఇంగ్లీషులో, ఏ ఆవేశమూ లేకుండా.

"అడ్జస్ట్ అన్న. మా భాషల అన్న," అన్నాడు ఖలీల్. అని, నావైపు తిరిగాడు. "చెప్పు అన్నా."

హాల్లో మలయాళీలున్నారు, ఫిలిప్పీన్స్ వాళ్ళున్నారు, అరబ్బులున్నారు. ఖలీల్‌ను పక్కన పెడితే తెలుగు తెలిసిన చెవులు నావి మాత్రమే. అతనికీ ఆ సంగతి తెలుసు.

"సర్దుతున్నానని అన్నారు. ముట్టుకోకముందే అన్నారు," అని చెప్పాను.

ఒక్క మాటలో రెండు అబద్ధాలు. నాలుక ఎక్కడా తడబడలేదు. తడబడి ఉంటే బాగుండేది, ఎవరైనా అనుమానించేవారు.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నాకు మీ భాష రాదు. ఇక్కడ నా చెవులు మీరే. మీరు విన్నారంటే నేను విన్నట్టే," అన్నాడు. అంతటితో ఆగలేదు. లేచి నిలబడి, ఖలీల్‌కు చేయి చాచి, అనుమానించినందుకు మన్నించమన్నాడు. అంత పెద్ద మనిషి, ఆ నిండు హాల్లో. ఆ తర్వాత ఆయన ఆట ఆయన చేతిలో లేదు. సిగ్గుపడిన మనిషి ఆడినట్టు ఆడి ఓడిపోయాడు.

ఆ సాయంత్రం తీర్పుల పుస్తకంలో రాశాను: 'సర్దుతున్నట్టు ముందే ప్రకటించారు. ఎత్తు చెల్లుతుంది.' చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది.

వెళ్ళిపోతున్నవాడికి ఇచ్చిన వీడ్కోలు కానుక అని నన్ను నేను ఓదార్చుకున్నాను. మనసులో మరో రకంగా కూడా లెక్క సరిచేసుకున్నాను: కాచి పోసిన గంజికి ఇది బదులు. ఎంత నీచమైన ఓదార్పో చూడండి. గంజి పోసింది ఖలీల్, దాని బాకీ తీర్చింది లాత్వియా నుంచి వచ్చిన ఒక అమాయకుడు.

నెల తిరగకముందే ఖలీల్ కోసం చిన్న వీడ్కోలు విందు తలపెట్టాను. పిలవడానికి వెళితే, వాళ్ళ కంపెనీలో వీసా పనులు చూసే మనిషి ఆశ్చర్యపోయాడు. ఖలీల్ వీసా టోర్నమెంటుకు ఎంతో ముందే రెన్యూ అయిందట. ఎగ్జిట్ అన్న మాటే లేదట.

అడిగితే ఖలీల్ నవ్వాడు. "గట్లనుకుంటెనే నాకు ఆడ జోష్ వస్తదన్నా. ఉత్తగనే అన్న. గీ దానికి గంత మొహం పెడ్తవేంది?"

ఉత్తదేనా? లేక పొద్దున చాయ్ తాగుతూనే నన్ను సిద్ధం చేశాడా? ఇప్పటికీ తెలియదు. నా అబద్ధాన్ని అతను ముందే కొనిపెట్టుకున్నాడా, దారిలో దొరికితే తీసుకున్నాడా? ఈ రెండింటిలో ఏది ఎక్కువ ద్రోహమో తేల్చలేక ఎన్నో రాత్రులు నిద్ర పోగొట్టుకున్నాను. తేల్చవలసిన ద్రోహం మరొకటి ఉందని, దానికి కర్త నేనని గుర్తుకు రానివ్వకుండా ఉండడానికే ఆ తర్జనభర్జన అంతా అని ఇప్పుడు తోస్తోంది.

ఖలీల్ ఆ గెలుపును పెంచి పోషించాడు. మొదట ఎంపీని ఓడించానన్నాడు. మరుసటి ఏటికి ఖలీల్ నోట ఆయన మంత్రి అయ్యాడు. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే ఊరి దోస్తు ఒకడు ఫోనులో "దుబాయ్‌ల ప్రధానమంత్రినే ఓడగొట్టినవట గదనే ఖలీలూ!" అంటే, "అంత అల్లా దయ" అని ఊరుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా కళ్ళలోకి చూసే చెప్పాడు.

పోయిన చలికాలం ఆ లాత్వియా ఆయన మళ్ళీ వస్తున్నాడని తెలిసింది. అప్పుడు ఖలీల్‌ను కూర్చోబెట్టాను.

"ఖలీల్, ఆయన వస్తున్నడు. ఇద్దరం వోయి ఉన్నదున్నట్టు చెప్దాం. ముసలోళ్ళమైనం, ఇంక ఎన్నొద్దులు మోస్తం?"

"ఏం చెప్పాలన్నా?"

"నువ్వు ఆ దినం ఏమన్నవో అది."

"సర్దుతున్న అన్న."

"ఖలీల్! నేను నీ యెన్కనే ఉన్న."

"ఉన్నవు గద! మరి నువ్వే చెప్తివి, సర్దుతున్న అన్నడని. నీ బుక్కుల గూడ రాస్తివి. నా మాట నమ్మకుంటె నమ్మకు, నీ మాటన్న నమ్మవా అన్నా?"

అతను వెటకారంగా అనలేదు. అదే భయంకరం. అతనిప్పుడు నిజంగానే అలా నమ్ముతున్నాడు. నేను అతని కోసం అబద్ధమాడితే, అతను నా అబద్ధాన్నే సాక్ష్యంగా పట్టుకుని నన్ను నిజానికే పరాయివాణ్ణి చేశాడు. అలాంటి మోసానికి ఏ నియమావళిలో శిక్ష ఉంది?

నేనొక్కణ్ణే వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను, ఇది నమ్మండి. ఆడిటోరియం బయట బెంచీ మీద ఆయన నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. నేను నోరు తెరిచేలోగా ఆయనే మొదలుపెట్టాడు. వాళ్ళ దేశంలో రెండు భాషల వాళ్ళ మధ్య అపనమ్మకం ఎక్కువట. సభల్లో మాట్లాడేటప్పుడు ఆయన తరచు ఈ హాలు కథ చెబుతాడట: "భాష అర్థం కానంత మాత్రాన ఒక నిజాయితీపరుణ్ణి నేను దొంగ అనుకున్నాను. ఒక పెద్దాయన నా తప్పు దిద్దాడు." చెప్పి, చిన్నపిల్లవాడిలా అడిగాడు: "ఆ రోజు ఆయన అన్న మాట ఏమిటి? నాకు నేర్పండి."

ఆ క్షణం నా చేతిలో ఉంది. ఆయన అడిగింది సరిగ్గా ఆ మాటే. పెదవి దాటవలసింది ఒక్క ముక్క.

"సర్దుతున్నాను," అని నేర్పాను.

"సర్దుతునాను," అన్నాడాయన. ఒత్తు పలకలేదు. నేను మళ్ళీ పలికించాను. ఆర్బిటర్‌ని కదా, తప్పు దిద్దకుండా ఉండలేకపోయాను.

మరునాటి ఆటలో ఆయన వంకరగా ఉన్న ఏనుగును సరిచేయబోతూ, దూరంగా ఉన్న నావైపు చూసి చిరునవ్వుతో ఆ మాట అన్నాడు. ఎదుటి ఆటగాడు తెల్లబోయాడు. పక్క బల్ల నుంచి ఖలీల్ నవ్వు వినిపించింది: "వహ్వా! మంత్రిగారికి మన తెలుగొచ్చిందన్నా!" ఇప్పుడు ఆయన ఏ దేశంలో ఆడినా అదే మాట అంటున్నాడట. నన్ను గౌరవించడానికి.

ఆర్బిటర్ పని మానేశాను. చూపు తగ్గిందని చెప్పాను. అదీ అబద్ధమే. ఈ మాటల కింద పేరు పెట్టే ధైర్యం నాకు లేదు. ఆయనకు చెప్పే ధైర్యం వస్తుందని మీకు మాట ఇవ్వలేను. మన్నించమని అడగడానికి మీరు ఎదుటి ఆటగాడు కారు. మీరు ఏ తీర్పూ చెప్పనక్కరలేదు.

కానీ ఒక్క సంగతి ఉన్నదున్నట్టుగా ఎక్కడో ఒకచోట ఉండాలి. ఖలీల్ గుర్రాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్న తర్వాత 'సచ్చిన్రో' అన్నాడు. నేను విన్నాను.