ముందంటే ఎటు

చక్రాలమ్మను సీట్లోంచి దింపడం అంత తేలిక కాదని యార్డులో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ పొద్దున ఓనరు నలుగురూ వింటుండగా అనేశాడు. "నీ కాలు బండిని తినేసిందమ్మా. తాళం ఇచ్చి దిగు." ఆమె దిగలేదు సరికదా, క్యాబిన్ తలుపు వేసుకుని సీట్లో ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

ఆ బండి సంగతి కాస్త చెప్పుకోవాలి. మట్టి తవ్వే బండ్లలో ఇనుప పట్టాల మీద పాకేవి కొన్ని, టైర్ల మీద రోడ్డున పోయేవి కొన్ని. ఈమెది టైర్ల బండి. కింద చక్రాలూ ఇరుసులూ ఉన్న చట్రం, దాని మీద ఇంజనూ క్యాబినూ బకెట్ చేయీ ఉన్న పైభాగం. ఆ పైభాగం ఎటు కావాలంటే అటు గుండ్రంగా తిరుగుతుంది. ఇంజను తోసే నూనె బలంతో కింద మోటారు తిరిగితే చక్రాలు నడుస్తాయి. ఇరుకు వీధుల్లో పైపులు వెయ్యాలంటే ఇలాంటి బండే కావాలి. దాన్ని నడిపే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఈమె ఒక్కతే కాబట్టి ఆమెకు చక్రాలమ్మ అని పేరు పడిపోయింది. ఆ పేరు ఎగతాళికి పెట్టారని ఆమెకు తెలుసు. పిలిచిన ప్రతిసారీ నిదానంగా "ఆఁ" అని పలికి, పెట్టినవాళ్లకే విసుగు పుట్టించింది.

మొదట్లో ఆమె పని ఎర్రజెండా పట్టుకుని బండి పక్కన నిలబడటం. అటుగా వచ్చే స్కూటర్లనీ సైకిళ్లనీ ఆపాలి, అంతే. అప్పటి ఆపరేటరు ఒక ముసలాయన. ఆయన చేతులూ కాళ్లూ ఏం చేస్తున్నాయో ఆమె జెండా ఊపుతూనే చూసేది. ఒకరోజు ఆయన్ని అడిగింది, పెడలు తొక్కే ముందు ఒక్క క్షణం ఎందుకు ఆగుతారని. బండి పూర్తిగా నిలబడకుండా దిశ మారిస్తే కింద మోటారుకు దెబ్బ అని చెప్పి, ఇన్నేళ్లలో ఈ మాట అడిగింది నువ్వేనమ్మా అని ఆశ్చర్యపోయాడాయన. ఆ తర్వాత మధ్యాహ్నం అన్నాల వేళల్లో ఆమెను సీటెక్కించి నేర్పాడు. మోకాళ్లు పట్టేసి ఆయన ఇంటికి పోయేనాడు, నా తర్వాత ఈవిడే అని ఓనరుకు కుండబద్దలు కొట్టినట్టు చెప్పి మరీ వెళ్లాడు.

ఓనరు నవ్వాడు. నవ్వి, వేరే మనిషి దొరికేదాకా అని ఎక్కించాడు. వేరే మనిషి అవసరం మళ్లీ పడలేదు. ఆమె భర్త టైలరు. ఆ సీటు పొడుగు మనుషుల కోసం చేసింది కావడంతో ఈమెకు పెడలు అందేది కాదని, వీపు వెనక పెట్టుకోవడానికి మందంగా ఒక మెత్త కుట్టి ఇచ్చాడు. ఎవరేమన్నా ఆ మెత్తకు ఆనుకుని కూర్చో, వాళ్లే అలిసిపోతారు అన్నాడు. ఆమెకు ఆ మాట నచ్చింది.

ఇక యార్డు మెకానిక్కు ఎవరో కాదు, ఆమె సొంత అక్క మొగుడు. చేతిలో పనుంది, నోట్లో వెటకారం ఉంది. మరదలు బండెక్కిన రోజునే, ఇక నాకు పనికి కరువుండదు అని పళ్లికిలించాడు. నీకు కరువొస్తే మా అక్క చేతి కూర తినడానికి రా బావా అని ఈమె కూడా ఊరుకోలేదు. వాళ్లిద్దరి మధ్య అది రోజూ ఉండేదే. అందుకే ఈసారి బావే తన మీద మాట వేస్తాడని ఆమె అనుకోలేదు.

జరిగింది ఇదీ. వాలుగా ఉన్న ఒక సందులో పైపుల కాలువ తవ్వాలి. సందులో బండి తిరిగే చోటు లేదు. అందుకని ఆమె పై రోడ్డు మీంచి బండిని వెనక్కి నడిపించుకుంటూ పల్లంలోకి దించింది. దించి, పైభాగాన్ని పల్లం వైపు తిప్పుకుని తవ్వడం మొదలుపెట్టింది. ఎదురుగా తవ్వుకుంటూ, తవ్విన కొద్దీ వెనక్కి, అంటే ఎగువకు జరగాలి. సాయంత్రమయ్యేసరికి నూనె వేడెక్కింది, బండి మొండికేసింది. దిగువకు సుబ్బరంగా పోతుంది, ఎగువకు రమ్మంటే కదలదు. బావకు ఫోన్ చేసి, బండి వెనక్కి రానంటోంది అని చెప్పింది. ఇంకో బండి తెచ్చి కట్టి లాక్కెళ్లి యార్డులో పడేశారు.

పొద్దున్నే బావ పని మొదలుపెట్టాడు. బ్రేకులు పట్టేసి ఉంటే చక్రాల మధ్య ఉండే హబ్బు గుండ్లు కాలిపోవాలి కదా అని, లాక్కొచ్చిన బండిని యార్డులో చదును నేల మీద కాసేపు నడిపించి గుండ్ల మీద నీళ్లు చిలకరించాడు. ఒక్కటీ చుయ్యిమనలేదు. బ్రేకుల తప్పు కాదు. తర్వాత బండి కింద దూరి, వెనక్కి నడిపే నూనె గొట్టానికి బలం చూపే మీటరు బిగించి, బ్రేకు వేసి ఉంచి పెడలు తొక్కించాడు. ముల్లు నిండుగా లేచింది. నూనె బలంగానే వస్తోందన్నమాట. వచ్చిన నూనెతో చక్రం తిప్పలేకపోతోందంటే మోటారు లోపల అరిగిపోయిందన్నమాట. మోటారు ఎందుకరిగింది? బండి ఆగకముందే అటూ ఇటూ తొక్కితే అరిగింది. ఆ ముక్క ఆయన ఓనరు చెవిన వేశాడు. ఓనరు దాన్ని యార్డంతా వినిపించాడు. పక్కనే ఓనరు బామ్మర్ది భుజాన తువ్వాలుతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆ సీటు మీద అతని కన్ను ఎప్పట్నుంచో ఉంది.

క్యాబిన్లో కూర్చున్న చక్రాలమ్మకు ఒళ్లు మండిపోయింది. ముసలాయన నేర్పిన మొదటి పాఠమే తను తప్పిందంటారా? ఏడుపు కూడా వచ్చింది, కానీ వీళ్ల ముందు ఏడవడం ఆమెకు చేతకాదు. ఆ సీటు పోతే మళ్లీ జెండా పట్టుకోవాలి. జెండా పట్టుకోవడం నామోషీ అని కాదు, బండిని తినేసిన మనిషిగా పట్టుకోవాలి. అది తన వల్ల కాదనుకుంది. మెత్తకు ఆనుకుని, నిన్న సాయంత్రం బండి చేసిన చప్పుడును మళ్లీ మనసులో విన్నది.

అక్కడే ఆమెకు లెక్క తేడా కొట్టింది. నూనె నిండు బలంతో వచ్చి మోటారు తిరగకపోతే ఇంజను మూలగాలి. ఎద్దు బురదలో దిగబడితే ఎలా రొప్పుతుందో అలా. నిన్న ఇంజను మూలగలేదు. ఖాళీగా, హాయిగా ఈల వేసింది. అంటే నూనె చక్రం దాకా చేరలేదు. మరి బావ మీటరు నిండుగా ఎలా చూపించింది? బావ అబద్ధమాడడు. మీటరూ అబద్ధమాడదు. ఆమె కిటికీ అద్దం జరిపి తల బయటపెట్టింది.

"బావా, మీటరు ఏ గొట్టానికి పెట్టావు?"

"వెనక్కి పోయేదానికి. నువ్వేగా వెనక్కి రావట్లేదన్నావు."

"ఎవరి వెనక్కి?"

"ఎవరి వెనక్కేంటి? బండి వెనక్కి."

ఆమె హారను కొట్టి, అందరూ దూరం జరిగాక, పైభాగాన్ని మెల్లగా గుండ్రంగా తిప్పింది. క్యాబిన్ ముఖం చట్రం వెనక వైపుకు వచ్చేదాకా తిప్పి ఆపింది. నిన్న సందులో కూర్చున్నట్టే కూర్చుంది. దూరం జరిగిన బావ తలెత్తి చూశాడు. చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

ఏళ్ల తరబడి వాళ్లిద్దరూ ముందు అనీ వెనక అనీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. పైన కూర్చునే ఆమెకు ముందంటే తన ముఖం ఉన్న వైపు. కింద పడుకునే ఆయనకు ముందంటే స్టీరింగు తిప్పితే తిరిగే చక్రాలున్న వైపు. మామూలుగా రెండూ ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నిన్న ఆమె వెనక్కి అన్నది చక్రాలకు ముందుకు. బావ పొద్దుట్నుంచీ నిక్షేపంలా ఉన్న గొట్టాన్ని పరీక్ష చేసి, దాని బలం చూసి మోటారు పోయిందని తేల్చేశాడు. దాంతో పాటు మరదలి మీద నింద కూడా వేశాడు.

"రెండో గొట్టానికి పెట్టు," అంది ఆమె.

పెట్టాడు. ముల్లు సగం దాకా లేచి, వణుకుతూ అక్కడే ఉండిపోయింది. కిందికి పోయే దారి మూసి, పైభాగంలో నూనెను పంచే వాల్వు దగ్గర పెట్టి చూస్తే మాత్రం నిండుగా ఉంది. పైన ఉన్న బలం కిందికి రావట్లేదంటే దారిలో కారిపోతోంది. ఆ దారిలో ఉన్నది ఒక్కటే, బండి నడుమ ఉండే సెంటర్ జాయింటు. పైభాగం ఎంత తిరిగినా గొట్టాలు మెలిపడకుండా నూనెను కిందికి అందించేది అదే. విప్పి చూస్తే నూనె కారకుండా ఆపే లోపలి సీలు ఒకటి చీలికలై చేతికి వచ్చింది. చక్రాలను ముందుకు తిప్పాల్సిన నూనెలో సగం అక్కడే పక్కదారి పట్టి ట్యాంకులోకి తిరిగిపోతోంది. మోటారు శుభ్రంగా ఉంది. ఎవరి కాలూ దాన్ని తినలేదు.

మధ్యాహ్నం దాటాక కొత్త సీళ్లు పడ్డాయి. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ బావ క్యాబిన్ మెట్టు మీదికి వచ్చాడు. గొంతు తగ్గించి, పని అయిపోయింది కదా, ఓనరుకు బాగైందని చెప్పేస్తాను, నీ సీటు నీకుంటుంది, ఇక దీన్ని సాగదీయకు అన్నాడు. మీ అక్క మీద ఒట్టు అని కూడా అన్నాడు.

"మా అక్కను మధ్యలోకి తేకు," అంది చక్రాలమ్మ. "నా కాలు తినేసిందన్న మాట గుసగుసగా అనలేదు బావా. యార్డంతా విన్నది. కాదన్నది కూడా యార్డంతా వినాలి."

ఆయన, తను ఇంతకాలం మెకానిక్కుగా సంపాదించుకున్న పేరు ఏమవుతుందన్నాడు. ఆమె గుడ్లురిమింది కానీ గొంతు పెంచలేదు.

"వెనక్కి అని ఊరుకున్నాను, చక్రాలు ఎటున్నాయో చెప్పలేదు. అది నా తప్పు. నాది నేను చెప్పుకుంటాను. నీది నువ్వు చెప్పు."

చెప్పకపోతే బండి కదలదని ఆమె వేరే చెప్పాల్సిన పని లేదు. తాళం ఆమె గుప్పిట్లోనే ఉంది. బావ మెట్టు దిగి, ఓనరున్న చోటికి నడిచి, చుట్టూ ఉన్నవాళ్లు తలెత్తేంత గట్టిగా చెప్పాడు. మోటారు పోలేదు. నేను తప్పు గొట్టం చూశాను. మా మరదలి కాలిది ఏ తప్పూ లేదు. చెబుతున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చక్రాలమ్మ కూడా కిందికి దిగివచ్చి పక్కన నిలబడి, తను చెప్పడంలో చేసిన పొరపాటు తను చెప్పింది.

ఓనరు తేలిగ్గా చెయ్యి ఊపాడు. "సరేలేమ్మా, జరిగిందేదో జరిగింది. ఎక్కు."

"నా వల్ల ఏమీ జరగలేదండీ. మీరన్నారు, అంతే."

ఓనరు ముఖం మాడింది. బామ్మర్ది తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. యార్డులో వెల్డింగు చేస్తున్నవాళ్లు కూడా చేతులాపి చూస్తున్నారు. ఓనరు తనవైపు చూసేదాకా ఆమె ఆగింది.

"ఇంకోసారి బండి ఆగితే బండిని విప్పి చూడండి. దాంట్లో ఏమీ దొరక్కపోతే అప్పుడు నా దగ్గరికి రండి."

ఓనరు ఆమె ముఖంలోకి చూశాడు. చివరికి బామ్మర్ది వైపు తిరిగి, నువ్వింటికి పోరా అన్నాడు. ఆమె మెట్టెక్కి, మెత్త సర్దుకుని, తాళం తిప్పింది.