పంటు మీద ఇరవై అంకెలు

నడి గోదావరిలో, మమ్మల్ని రేవు దాటిస్తున్న పంటు ఇంజను ఆగిపోయింది. వరదకి ఎర్రనీళ్ళు వచ్చే కాలం. పంటు అడ్డంగా తిరిగి దిగువకి కొట్టుకుపోవడం మొదలెట్టింది. పుట్టి పెరిగింది గోదావరి పక్కనేగానీ నాకు ఈత రాదు. ఒళ్ళో ఎనిమిదేళ్ళ కూతురు. దానికీ రాదు.

నేను ఏడిస్తే పిల్ల బెదిరిపోతుంది. కొత్తపేటలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, ఇంకేం తోస్తుంది నా మొహానికి? లెక్కే మొదలెట్టాను.

“అమ్మలూ, ఒకటి నుంచి పది దాకా వరసగా రాసి, మళ్ళీ ఒకటి దాకా దిగిరా. ఇరవై అంకెల సంఖ్య వస్తుంది. అది ప్రధాన సంఖ్య. ఒకటితోనూ, దాంతోనూ తప్ప ఇంక దేంతో భాగించినా శేషం మిగిలిపోతుంది. లక్షొచ్చినా, కోటొచ్చినా దాన్ని సమానంగా ముక్కలు చెయ్యలేవు.”

“మనల్ని కూడా ఎవరూ ఏం చెయ్యలేరా?”

“చెయ్యలేరు,” అన్నాను. లెక్కల పేరు చెప్పి అంత పచ్చి అబద్ధం ఎప్పుడూ ఆడలేదు.

ఇద్దరం పైకి చదవసాగాం. పక్కన అరటిగెలలు పెట్టుకు కూర్చున్న ముసలావిడ అడిగింది. “ఏం మంత్రమండీ అది?”

“మంత్రం కాదండీ, లెక్క.”

“ఏదైతేనేమండీ, మాకూ చెప్పండి. ఊరికే కూచుంటే గుండాగిపోయేలాగుంది.”

చెప్పాను. ఆవిడ “లాభం, రెండు, మూడు” అని అందుకుంది. మావైపు వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. క్షణంలో పంటు మీద జనమంతా ఆవిడ వెనకే మొదలెట్టారు. పదిదాకా ఎక్కడం, దిగడం, లాభం అంటూ మళ్ళీ ఎక్కడం. నేనూ గొంతు చించుకున్నాను. ఒకసారి పంటు బాగా ఒరిగి, మోటారు సైకిళ్ళన్నీ ఒకదానిమీదొకటి పడ్డాయి. “మురమళ్ళ వీరేశ్వరుడా!” అని ఒక్క కేక పెట్టి, మళ్ళీ లాభం దగ్గర అందుకున్నారు. అయిపోయింది, ఇక మునిగిపోతాం అనుకున్నాను. పిల్ల నడుం ఎంత గట్టిగా పట్టుకున్నానంటే నా గోళ్ళు దిగబడ్డాయి. అయినా అది లెక్క ఆపలేదు.

ఎట్టకేలకు ఇంకో పంటు వచ్చి తాడు విసిరి, మమ్మల్ని రేవుకి లాక్కొచ్చింది.

“మంచి లెక్క చెప్పేరండీ మేడంగారూ,” అంది ముసలావిడ దిగుతూ. “ఆయ్, మా మనవలక్కూడా నేర్పేస్తాను.”

నేను రేవు బురదలోనే కూలబడ్డాను. పిల్ల నా కొంగు సర్ది, చెవి దగ్గరకొచ్చింది.

“అమ్మా, అందరూ పది నుంచి కిందికి దిగేటప్పుడు రెండు దగ్గర ఆపేసి మళ్ళీ లాభం అనేసేరు. చివర ఒకటి అనలేదు. నువ్వు కూడా.”

నిజమే. కొలతలో లాభం మొదట అంటారుగానీ, చివర అనే అలవాటు ఎవరికుంది? ఆఖరి అంకె రెండైతే అది సరి సంఖ్య. ఎవరైనా సగానికి కోసెయ్యొచ్చు.

“అప్పుడే చెప్పొచ్చు కదే!”

“నువ్వు బాగా భయపడిపోతున్నావు కదా,” అంది. “అందుకే చివర ఒకటి ప్రతిసారీ నేనే మెల్లిగా అనేశానమ్మా.”