సత్తమ్మ నమూనా తాడు

సుల్తానాబాదు నేతవాడలో సత్తమ్మను ముఖం కంటే ముందు చేతులు చూసి పోల్చుకునేవాళ్లు. మణికట్టు దాకా నీలం, గోళ్ల సందుల్లో ఎరుపు, అరచేతి గీతల్లో ఎన్నడో కాచిన పసుపు. ఎంత తోమినా పోయేవి కావు. పెళ్లిళ్లలో ఆమె వడ్డనకు వస్తే కొత్త చుట్టాలు విస్తరి మెల్లగా వెనక్కి జరుపుకునేవారు. "రంగే, తింటె సావరు" అని నవ్వి అన్నం పెట్టేది. వాళ్లు తిన్నారు, ఎవరూ చావలేదు.

నూలుకు రంగు వేయడం ఆమెకు మొగుడు సాంబయ్య నేర్పిన పని. పోలీసు యాక్షన్ అయిన ఏడు విషజ్వరం తగిలి సాంబయ్య పోయాడు. అప్పటికి ఆమెకు ముప్ఫై రెండేళ్లు, పిల్లలు లేరు. ఏడ్చినన్నాళ్లు ఏడ్చి, రెండు గంగాళాలూ రంగు డబ్బాలూ ఎడ్లబండి మీద వేసుకొని వచ్చి, అన్న పర్శరాములు ఇంటి పెరట్లో పొయ్యి పెట్టుకుంది. అన్న మగ్గం నేస్తాడు, చెల్లెలు నూలు చుట్టలకు, అక్కడి మాటలో లడీలకు, రంగు వేస్తుంది. తొమ్మిదేళ్లుగా ఆ వాడలో నేసిన చీరల అంచులన్నీ ఆ పెరట్లో ఉడికినవే.

ఇంటి ముందర అరుగు మీద ఈ గుంజ నుంచి ఆ గుంజకు ఒక తాడు కట్టి ఉండేది. దానికి వేలెడు పొడవు నూలుపోగుల కుచ్చులు, రంగుకొకటి చొప్పున, వరుసగా వేలాడుతుండేవి. అందరూ దాన్ని నమూనా తాడు అనేవారు. వచ్చిన నేతగాడు తనకు నచ్చిన కుచ్చు పట్టుకొని, బొటనవేలు ఉమ్మితో తడిపి గట్టిగా రుద్దుతాడు. వేలికి రంగు అంటితే కచ్చా, అంటకపోతే పక్కా. మనసుకు నచ్చితే జేబులోంచి చిన్న కత్తెర తీసి కుచ్చును మధ్యకు కత్తిరించుకుంటాడు. సగం తన వెంట పోతుంది, సగం తాడుకే ఉంటుంది. లడీలు తయారైన రోజు రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి గదా. కత్తిరించుకునేటప్పుడు "గిదే రావాలె, ఏరేది రావద్దు" అంటాడు. "గిదే వస్తది" అంటుంది సత్తమ్మ. ఆ రెండు మాటలూ అయ్యాయంటే ఇక కాగితమూ అక్కర్లేదు, సాక్షీ అక్కర్లేదు.

కచ్చా రంగును పక్కా అని చెప్పడం ఆమెకు చేతకాదు. "గీ ఎరుపు రెండు ఉతుకులకు పోతది, తెలిసే తీస్కపో" అని ముఖం మీదే చెప్పేది. అలా చెప్పి పోగొట్టుకున్న బేరాలు కొన్ని, దానివల్లే తిరిగి తిరిగి వచ్చిన మనుషులు చాలామంది.

అలాంటి సత్తమ్మకు నలభై ఒకటో ఏట సంబంధం వచ్చింది. మారుమనువు ఆ వాడకు కొత్తేమీ కాదు. కాని అది పాతికా ముప్ఫై ఏళ్ల వాళ్లకు. నలభై దాటిన ఆడదానికి మళ్లీ పెళ్లేమిటని బావి దగ్గర నలుగురూ నోరు నొక్కుకున్నారు. సంబంధం తెచ్చింది వదిన లస్మవ్వ. లస్మవ్వ నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. తొమ్మిదేళ్లలో ఆడబిడ్డను ఒక్కనాడు కూడా పరాయిదానిలా చూడలేదు. ఆమె నోటికి జడిసేవాళ్లెవరూ ఈ సంగతి ఒప్పుకోరు, అది వేరే మాట.

పెళ్లికొడుకు ఆసిఫాబాదులో నేతగాడు, పేరు హనుమండ్లు. నలభై ఆరేళ్లు. పెళ్లాం పోయి అయిదేళ్లయింది, ఒక్క కూతురు అత్తగారింట్లో ఉంది. సత్తమ్మ మొదట వద్దంది. తరవాత అతను చెప్పి పంపిన మాట ఒకటి విన్నది. "నాకు వంట వస్తది, బట్టలుతుక వస్తది. పొద్దంత మగ్గం గుంటల కూసుంట. ముచ్చట చెప్పేటోళ్లు లేక పిచ్చి లేస్తంది." అంతే. పెళ్లికొడుకులు మామూలుగా పంపే మాట కాదది. ఆ మాట సత్తమ్మ చెవిలో పడి, లోపలెక్కడో కూర్చుంది. గంగాళంలో లడీలు తిప్పుతూ ఆ కనపడని మనిషికి రెండు మూడు ముచ్చట్లు చెప్పుకుంది కూడా. తొమ్మిదేళ్లు ఎవరికీ చెప్పనివి చాలా ఉన్నాయని ఆమెకు అప్పుడు తెలిసింది. ఈ మనిషి తనను కాదనకూడదని గట్టిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడింది.

రేపు చూడటానికి వస్తారనగా, మధ్యాహ్నం లస్మవ్వ చేతిలో ఒక కాగితం పొట్లంతో పెరట్లోకి వచ్చింది. సుర్మా, అత్తరు అమ్మే సాయిబు దుకాణంలో తెచ్చిన ఖిజాబు అది, నెత్తికి వేసుకునే నల్లరంగు పొడి.

"జల్ది కలుపుకొని నెత్తికి రాయి. పొద్దుగాల్లకు నిగనిగలాడుతయి."

సత్తమ్మ కొంగు తీసి తల తడుముకుంది. కణతల దగ్గర మొదలైన తెలుపు పాపిడి పొడుగునా పాకి, జడలోకి దిగి రెండేళ్లయింది. పొయ్యి సెగకు ఎప్పుడూ కొంగు కప్పుకునే ఉంటుంది కనుక బయటివాళ్లకు పెద్దగా తెలియదు.

"వదినా, వాళ్లకు నా వయసు ఎంతని చెప్పినవ్?"

"ముప్ఫై రెండు."

"గది మా ఆయన పోయిననాటి వయసు."

"అటెన్క నువ్వేం బతికినవే, గా ఏండ్లను లెక్కవెట్టనీకె?" అంది లస్మవ్వ. ఆ మాట కోపంతో అన్నది కాదు, కడుపులోంచి వచ్చింది. అనేశాక తనకే కళ్లు తడిసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా మాట ఇను సత్తీ. మొగోడు ముందుగాల నెత్తి చూస్తడు, గుణం తరువాత చూస్తడు. ఒక్కపారి లగ్గం అయినంక నువ్వు తెల్లగున్నా ఎర్రగున్నా ఎవలడుగుతరు?"

"అటెన్క నెలనెలా దాసిపెట్టుకొని రాసుకోవాల్నా? ఆయన సంతకు పోయినప్పుడు?"

"రాసుకో! ఏం పోతది?"

సత్తమ్మ పొట్లం చేతిలోకి తీసుకుంది. రంగు నిలవదని తెలిసి ఎన్నడూ ఎవరికీ అంటగట్టలేదు. ఇప్పుడు తననే అంటగట్టుకోవాలి. వేసుకోకపోతే ఆ మనిషి అరుగు మీది నుంచే తిరిగిపోవచ్చు, ఆ ముచ్చట్లన్నీ మళ్లీ గంగాళానికి చెప్పుకోవాలి. వేసుకుంటే అతను వినే ప్రతి ముచ్చట కిందా ఒక దాపరికం ఉంటుంది. రెండూ కష్టంగానే తోచాయి.

"నమూనా తీసి చూస్త. పొద్దుగాల చెప్త" అంది.

లస్మవ్వ నెత్తి కొట్టుకుంది. "నూలా ఏందే, నమూనా తీసుటానికి!"

కాని సత్తమ్మకు వచ్చిన విద్య అదే. చెవి వెనక తెల్లటి పాయ ఒకటి పట్టి వేలెడు పొడవు కత్తిరించింది. వెంట్రుకలు చెదరకుండా రెండు కొసలా దారం చుట్టింది. కొబ్బరి చిప్పలో ఖిజాబు కలిపి, ఆ పాయను సగం దాకా ముంచింది. కొత్త రంగు దేన్నయినా సగం ముంచి సగం వదిలేయాలని సాంబయ్య చెప్పేవాడు, వేయనిది పక్కన ఉంటేనే వేసినదాని సంగతి తెలుస్తుందని. తరవాత నీడలో ఆరబెట్టడానికి వాకిట్లోకి వచ్చింది. పరధ్యానంలో ఉంది. తొమ్మిదేళ్ల అలవాటున ఆ చేతులు ఎక్కడ కడతాయో అక్కడే కట్టేశాయి, నమూనా తాడుకు, నీలానికీ ఎరుపుకూ నడుమ. పొద్దున కడిగి చూసుకోవాలనుకుంది.

కడిగే పొద్దు రాలేదు. మధ్యాహ్నం వస్తామన్న చుట్టాలు ముందురోజే రైల్లో పెద్దపల్లి దిగి, అక్కడ తెలిసినవాళ్లింట్లో పడుకొని, మొదటి బస్సుకే సుల్తానాబాదు వచ్చేశారు. హనుమండ్లు వెంట అతని అక్క పోశవ్వ ఉంది. సత్తమ్మ అప్పుడు పెరట్లో మోచేతుల దాకా నీలంలో ఉంది. లస్మవ్వ పరుగెత్తుకొచ్చి, ఖిజాబు పొట్లం వంకా ఆడబిడ్డ నెత్తి వంకా చూసి, ఇక చేసేదేమీ లేక ఆ కొంగునే నుదుటి దాకా లాగి, "గిట్లనే ఉండు, తియ్యకు" అని లోపలికి తోసింది.

పోశవ్వ చాప మీద కూర్చొని అడగవలసినవన్నీ అడిగింది. వయసు దగ్గరికి వచ్చేసరికి లస్మవ్వ గొంతు వణక్కుండా "ముప్ఫై రెండు" అంది. పర్శరాములు నేల చూపులు చూశాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదు, పెళ్లాన్ని ఆపడం అంతకంటే రాదు. తలుపు చాటున నిలబడ్డ సత్తమ్మ కొంగు అంచు మునిపళ్ల మధ్య పట్టుకుంది. హనుమండ్లు సన్నగా, పొడుగ్గా, రుమాలు చుట్టుకొని ఉన్నాడు. అక్క అడిగేవేవీ వింటున్నట్టు లేడు. అరుగు మీద నమూనా తాడు కనిపించాక ఏ నేతగాడు కుదురుగా కూర్చుంటాడు? మెల్లగా లేచి అటు పోయాడు.

సత్తమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ తాడుకే తన పాయ వేలాడుతోంది.

అతను నీలం రుద్దాడు, తల ఊపాడు. పసుపు రుద్దాడు. ఆ తరవాత సగం నల్లగా సగం తెల్లగా ఉన్న కుచ్చు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు తడిపి నల్ల సగం మీద రుద్దాడు. వేలు నల్లబడింది.

"గిది కచ్చా రంగు" అన్నాడు ఆశ్చర్యంగా. మళ్లీ వేళ్ల మధ్య నలిపి చూసి, "గిది నూలు గూడ కాదు" అన్నాడు.

లస్మవ్వ ఒక్క దూకున గడప దాటింది. "గొర్రె బొచ్చు! గొంగళ్లు నేసేటోళ్లు ఇచ్చిండ్రు, రంగెయ్యమని!"

"గొర్రె బొచ్చు గింత మెత్తగుంటదా?" అన్నాడతను. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

ఆ అడగడమే సత్తమ్మను కదిలించింది. ఆ తాడు ముందు నిలబడి మంచి రంగో చెడ్డ రంగో అని అడిగినవాళ్లకు ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. మనిషి చేజారిపోతాడని తెలుసు. అయినా గడప దాటి వచ్చి, తలమీది కొంగు తీసేసింది.

"అవి నా ఎంటికలే. రంగు వేసుకోవాల్నా వద్దా అని నమూనా తీసిన. కడగక ముందే మీరొచ్చిండ్రు. నాకు ముప్ఫై రెండు కాదు, నలభై ఒకటి. మా వదిన తప్పు లేదు, నా మీది ప్రేమతోని చెప్పింది. కని గా తొమ్మిదేండ్లు గూడ నేను బతికిన. ఊకె కూసోలే. అవిట్ని తీసేస్తె నా దగ్గర ఇంకేం లేదు."

లస్మవ్వ గుంజకు ఆనుకొని నిశ్శబ్దంగా ఏడవసాగింది. నీలం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సత్తమ్మ వాటిని చీర మడతల్లో దాచుకుంది. పోశవ్వ ఆమె నెత్తి వంక చూసింది, ముఖం ముడుచుకొని చాప మీది నుంచి లేచింది.

"నడువు తమ్మీ, బస్సు పోతది. తొమ్మిదేండ్లు తక్కువ జేసి చెప్పిండ్రు మనకు."

హనుమండ్లు కదల్లేదు. "అక్కా, నాకెన్నేండ్లని చెప్పినవ్ వీళ్లకు?"

పోశవ్వ బస్సు వచ్చే దారి వంక చూసింది.

"నలభై ఆరని చెప్పినవ్. నాకు యాభై నిండినయి" అంటూ అతను తల రుమాలు విప్పాడు. నెత్తి మీద లెక్కపెట్టగలిగినన్ని వెంట్రుకలు, ఉన్నవన్నీ తెల్లవే. పర్శరాములు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. తన వెంట్రుకలకు రంగు వేసుకోవాలా అని హనుమండ్లు ఏనాడూ ఒక పూట కూడా దిగులు పడి ఉండడు. అతన్ని అలా దిగులు పడమని ఎవరూ అడగలేదు.

హనుమండ్లు జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. ఆ కుచ్చును మధ్యలో, నలుపూ తెలుపూ కలిసే చోట, జాగ్రత్తగా కత్తిరించాడు. నల్ల సగం తాడుకే వదిలేశాడు. తెల్ల సగాన్ని రుమాలు కొసలో పెట్టి, రెండు ముళ్లు వేసి, రుమాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు. అప్పుడు సత్తమ్మ వైపు తిరిగాడు. ముందు ఆమె పాపిడి చూశాడు, తరవాత ముఖం చూశాడు.

"గిదే రావాలె" అన్నాడు. "ఏరేది రావద్దు."

తొమ్మిదేళ్లలో ఆ మాటకు వందలసార్లు జవాబు చెప్పిన సత్తమ్మకు ఈసారి కన్నీళ్లు ఆగలేదు. నీలం చేతులతో తుడుచుకుంటే చెంపలకు రంగంటింది. అతను తొందరపడలేదు. బస్సు హారను వినపడుతున్నా, జవాబు వినకుండా కదలని బేరగాడిలాగా అరుగు కింద నిలబడే ఉన్నాడు.

"గిదే వస్తది" అంది సత్తమ్మ.