సీసాలో బుడగల చప్పుడు

ఈ ఉదయం నేను ఒక ముసలమ్మ మాట వినలేదు. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలి పక్కన నిలబడి, "సారూ, బుడబుడ ఆగిందయ్యా" అంది కోటమ్మ. మిరప కోత నుంచి తిన్నగా వచ్చిన ఆమె చీర ఘాటుకు నాకు దగ్గొచ్చింది. "తేడా వస్తే మెషినే మోగుతుంది. నువ్వు బయటికి నడువు" అన్నాను. అది మోగేసరికి బిడ్డ పెదాలు నీలం తిరిగాయి. చూస్తే, ముక్కు దగ్గర గొట్టం జారిపోయి ఉంది. సరిచేశాక నీళ్లసీసాలో బుడగలు మళ్లీ మొదలయ్యాయి. ఆ చప్పుడుకి ఖాసింబీ సిస్టర్ గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

సత్తెనపల్లిలో నేను కొత్త డాక్టరుగా చేరిన రోజుల్లో పసిపిల్లల వార్డుకు ఆవిడే పెద్ద నర్సు. అప్పుడూ ఇదే బుడగల సీసా పరికరం: గొంతులోకి ఏమీ దించకుండా, ముక్కు ద్వారానే గాలి ఒత్తిడి ఇచ్చి లేత ఊపిరితిత్తులు ముడుచుకోకుండా చూస్తుంది. గొట్టం రెండో కొస నీళ్లలో మునిగి ఉంటుంది; ముక్కు దగ్గర జారితే గాలి అక్కడే పోయి, సీసాలో బుడగలు ఆగిపోతాయి. నేను తెర మీద అంకెలు చూసేవాణ్ణి. ఆవిడ కళ్లు మూసుకుని వినేది. "అంకె తర్వాత చెబుద్ది డాక్టరు గారూ. సీసా ముందే చెబుద్ది."

బిడ్డల కోసం వచ్చే మిరప పని ఆడవాళ్లను ఆవిడ గుమ్మంలో ఆపేది కాదు. మంట పోయేలా చేతులకు కొబ్బరినూనె రాయించి, సబ్బుతో కడిగించి, గౌను తొడిగి, బిడ్డ పక్కన స్టూలు వేసేది. "ఎర్రకాయల్లో రంగుపోయిన తాలుకాయ ఏరే మనిషివి, నీకు తెలవకుండా పోద్దా పిన్నీ? చప్పుడాగితే కేకెయ్యి. నేను అన్నం తింటున్నా సరే."

ఒకసారి ఇలాగే గొట్టం జారి, ఒక బిడ్డ దక్కలేదు. మెషిన్ సరిగా లేదని తల్లికి చెప్పబోయాను. "దాని మీదకి నెట్టకండి. జారింది, మనం చూళ్లేదు. ఆ మాటే చెప్పండి" అంది. నేను చెప్పలేకపోయాను. ఆవిడే వెళ్లి చెప్పి, తిట్లన్నీ తనే పడింది. ఆ తల్లి ముఖం నాకు గుర్తు లేదు. ఆ రోజు చూడలేదు కనుక. సిస్టర్ పోయాక, వార్డు నా చేతికొచ్చాక, శుభ్రత పేరుతో ఆ స్టూళ్లన్నీ సామాన్ల గదిలో పడేయించాను.

ఇవాళ వరండాలోకి వెళ్లి కోటమ్మ ఎదురుగా కింద కూర్చున్నాను. ఈసారి ముఖం చూశాను.

"తప్పు నాదమ్మా. నువ్వు ముందే చెప్పావు. నేనే వినలేదు."

"మెషిన్ చెబుద్దన్నావుగా!" అంది. వార్డు తలుపు వైపు చూసి, "పిల్ల బతుకుద్దా?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా."

స్టూలు తెచ్చి తుడిచాను. కాయలు కోసి కోసి ఎర్రబారిన ఆ చేతులకు నూనె నేనే రాసి, సబ్బుతో కడిగించి, గౌను తొడిగాను. బిడ్డ పక్కన కూర్చోబెట్టి, "చప్పుడాగితే కేకెయ్యమ్మా" అన్నాను.

"కేకేస్తే వస్తావా?"

"వస్తాను."

ఆమె నమ్మినట్టు లేదు. సీసా వైపు చెవి ఒగ్గి కూర్చుంది.