పన్నెండు చొక్కాలకు తెల్ల పట్టీ

దర్జీ పిన్ని సూదిమొనతో చొక్కా చేతి మీది నల్ల పట్టీ కుట్లు విప్పుతోంది. ముప్పై ఏళ్లుగా దేశపు జట్టుకు బట్టలు కుట్టిన చేతులవి. ఈ కుట్లు మాత్రం ఆమెవి కావు. పరుగుపందెం పిల్ల తనే కుట్టుకుంది. మిల్లు కార్మికుల మీద సర్కారు కాల్పులు జరిపిస్తే పోయిన ఏడుగురిలో ఆ పిల్ల మేనమామ ఒకడు. రేపు ప్రపంచమంతా చూస్తుండగా ఆ పట్టీతోనే పరిగెత్తాలని పంతం.

"ఇదేం కుట్టు తల్లీ? కోడి గీకినట్టుంది!"

"విప్పొద్దు పిన్నీ, నీ కాళ్లు పట్టుకుంటా."

"నా కాళ్లతో నీకేం పని? నీ కాళ్లు జాగ్రత్తగా చూసుకో."

విప్పమన్నది క్రీడా సంఘం కార్యదర్శి. జన్మలో బస్సు కోసం కూడా పరిగెత్తని మనిషి. మంత్రిగారి బావమరిది కావడం తప్ప ఇంకే ఆటా ఆడలేదు. ఆటల్లోకి రాజకీయాలు తేకూడదని పొద్దుట్నుంచి గుమ్మంలో నిలబడి ఉపన్యాసం దంచుతున్నాడు.

పట్టీ ఊడింది. కింద పసుపు చొక్కాకు నల్లరంగు దిగి ఉంది.

"ఇది పోదు సార్. వేరే చొక్కా లేదు."

"తెల్లగుడ్డ వేసి కప్పెయ్. ఆగాగు, ఒక్కదానికే వేస్తే పేపర్లవాళ్లు పీక్కు తింటారు. జట్టు చొక్కాలు పన్నెండింటికీ వెయ్. అందరికీ ఉంటే యూనిఫాం అంటాం!" తన తెలివికి తానే మురిసిపోయాడు.

పిన్నికి నవ్వు గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

"చీటీ లేందే జట్టు చొక్కాకి సూది తగలనివ్వను సార్. రాసివ్వండి."

గీకి, సంతకం పెట్టి పోయాడు. ఒక్క చేతికి పట్టీ వద్దన్నవాడు పన్నెండు చేతులకు కట్టించాడు. ఇలాంటి బుర్రలే సంఘాలను ఏలుతున్నాయి.

పిన్ని మిషను తొక్కింది. పన్నెండు పట్టీలు, కొలబద్ద పెట్టినట్టు. పిల్ల చొక్కాకు మాత్రం తెల్లగుడ్డ కింద ఆ నల్లపట్టీని సాపుగా పరిచి, చుట్టూ సన్నకుట్టు వేసింది. బయటికి ఊపిరంత ఉబ్బు కూడా కనబడలేదు.

పిల్ల వేలితో తడిమి చూసింది. కళ్లు నిండాయి. "మిగతా పదకొండూ ఎవరి కోసం పిన్నీ?"

"అవెవరి కోసమో నీ జట్టువాళ్లకు నువ్వే చెప్పుకో. ఉపన్యాసాలు నాకు చేతకావు."

పిల్ల పక్కగదిలోకి, తోటివాళ్ల దగ్గరికి పరిగెత్తింది. పిన్ని దారాలు తెంపి, ఇస్త్రీ చేసి, చొక్కాలు మడతపెట్టింది. సాయంత్రం కార్యదర్శి వచ్చాడు. పైనుంచి ఒక మడత చూసి "శభాష్" అన్నాడు. అందినట్టు సంతకం చేసి, కట్ట చంకన పెట్టుకుని తనే మోసుకుపోయాడు.